దవడ కింద వాపు



కణత మీద వేలు పెట్టి పళ్ళు గట్టిగా కరిచి చూడండి. అక్కడ ఉబికేది నమిలే కండరమే. బుగ్గ వెనకాల, దవడ మూల మీద ఇంకొకటుంది. లోపలివి రెండూ కలిపితే ఒక్కో పక్కకి నాలుగు. మూడు నోరు మూస్తాయి, ఒకటి తెరవడానికి సాయపడుతుంది.

ఇవి కదులుతుంటే లాలాజలం ఊరుతుంది. దాన్నిచ్చే పెద్ద గ్రంథులు మూడు జతలు: చెవి ముందు, దవడ కింద, నాలుక కింద. రోజుకి సుమారు ఒక లీటరు ఊరుతుంది. వట్టి అన్నం బాగా నమిలితే తియ్యబడుతుంది కదూ? అది లాలాజలం చలవే.

ఇక అసలు సంగతి. ముఖం పక్కన వాపు కనబడగానే గవదబిళ్ళలంటూ పట్టు వేసి ఊరుకుంటాం. పిల్లలకి చెవి కింద వాచి, జ్వరం వస్తే అవే కావచ్చు. అయినా డాక్టరుకి చూపించాలి. పెద్దవాళ్ళకి అన్నానికి కూర్చోగానే దవడ కింద వాచి, నొప్పెట్టి, తర్వాత తగ్గిపోతుంటే మాత్రం గ్రంథి గొట్టంలో రాయి అడ్డుపడి ఉండవచ్చు. పులుపు తగలగానే లాలాజలం ఊరుతుంది, బయటికి దారి లేక వాస్తుంది. తగ్గిందిగదా అని వాయిదా వేస్తే చీము పట్టవచ్చు. అసలు తగ్గని గడ్డయితే, నొప్పి లేకపోయినా సరే, చూపించుకు తీరాలి.

ఇంట్లో అందరి నోటికీ రుచులు చూసే మనం, మన నోటి సంగతీ కాస్త చూసుకుందాం. సెలవు.