బోర్డు వాళ్లది.. బాడుగ మనది!

‘ఫ్రాంచైజీ తీసుకోండి, కూర్చుని సంపాదించండి’ అనే రీల్స్ మీ ఫోన్‌లోనూ వస్తున్నాయా? తిరుపతిలో ఏడాది పొడవునా జనమే కాబట్టి ‘ఏ అంగడి పెట్టినా నడుస్తుంది’ అనే మాట కూడా వినే ఉంటారు. కానీ ఫ్రాంచైజీలన్నీ ఒకటి కాదు. నష్టం వస్తే ఎవరి జేబుకి చిల్లు పడుతుందో చూస్తే అసలు తేడా తెలుస్తుంది.

సరుకు అమ్మే రకం: మన కరకంబాడి అమర రాజా వాళ్ల అమరాన్ బ్యాటరీలే ఉదాహరణ. తయారీ కంపెనీది. అమ్మేది ఊరూరా ఉన్న ఫ్రాంచైజీలు, డీలర్లు. కొన్న ధరకీ అమ్మిన ధరకీ మధ్య తేడాలోనే వాళ్ల లాభం.

మొత్తం పద్ధతి తీసుకునే రకం: పేరు, మెనూ, యూనిఫాం, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ అన్నీ కంపెనీ చెప్పినట్టే. ఇందులో పెట్టుబడి మీదే, నడిపేదీ మీరే అయితే ‘ఫోఫో’. పెట్టుబడి మీది, నడిపేది కంపెనీ అయితే ‘ఫోకో’. నెలకింత గ్యారంటీ అని నోటితో చెబితే చాలదు, అగ్రిమెంట్‌లో ఉండాలి. రెండూ కంపెనీవే అయితే ‘కోకో’. కొన్ని పెట్రోల్ బంకుల బోర్డు మీద కనిపించేది ఇదే.

మాస్టర్ ఫ్రాంచైజీ: దేశం మొత్తానికి హక్కు ఒక్కరికే ఇస్తారు. 1996లో మన దేశానికి వచ్చిన డోమినోస్‌ని ఇక్కడ జూబిలెంట్ ఫుడ్‌వర్క్స్ నడుపుతోంది. స్టోర్లన్నీ తనే చూసుకుంటుంది, విడిగా ఎవరికీ ఇవ్వదు. కాబట్టి ‘డోమినోస్ ఇప్పిస్తాం, ఫీజు పంపండి’ అని మెయిల్ వస్తే అది మోసమే.

ఇప్పుడు అసలు లెక్క. నెలకు 10 లక్షల అమ్మకాలు, 6 శాతం రాయల్టీ అనుకుందాం. అంటే 60 వేలు. దానిమీద 18 శాతం జీఎస్టీ 10,800. మొత్తం 70,800. బిల్లు మీద 5 శాతం జీఎస్టీ వేసే హోటళ్లకి ఆ పన్ను వెనక్కి రాదు. పైగా రాయల్టీ లెక్కేసేది సాధారణంగా అమ్మకాల మీద, లాభం మీద కాదు. బాడుగ, జీతాలు, కరెంటు బిల్లు పోయాక మీకు రూపాయి మిగలకపోయినా కట్టాల్సిందే.

అమెరికాలో అయితే సంతకానికి కనీసం 14 రోజుల ముందే కంపెనీ తన కేసులు, మూతపడిన షాపుల వివరాలు రాసివ్వాలి. మన దగ్గర ఫ్రాంచైజీలకంటూ ప్రత్యేక చట్టం లేదు. అందుకే మనమే అడగాలి. గత రెండేళ్లలో ఎన్ని మూతపడ్డాయి? మన అంగడికి ఎంత దూరం వరకు ఇంకొకరికి ఇవ్వరు? సరుకు వాళ్ల దగ్గరే కొనాలా? మధ్యలో మానేస్తే డిపాజిట్ వస్తుందా?

కంపెనీ ఇచ్చిన నంబర్లకు ఫోన్ చేస్తే మంచి మాటలే వినిపిస్తాయి. చిత్తూరు, మదనపల్లె, శ్రీకాళహస్తిలో అదే బోర్డు పెట్టినవాళ్లని మీరే వెతికి కలవండి. వీలైతే మూసేసినవాళ్లతోనూ మాట్లాడండి. నాన్న పొలం మీద అప్పు తెచ్చే ముందు ఆ బస్సు చార్జీ పెద్ద ఖర్చేం కాదు.