నీలిరంగు లేని నీలిరెక్క

మధ్య, దక్షిణ అమెరికా అడవుల్లో ఎగిరే మార్ఫో సీతాకోకచిలుక నీలం ఎంతో దూరం నుంచే కళ్లను లాగేస్తుంది. కానీ దాని రెక్కలో నీలిరంగు పదార్థం లేదు. మరి ఆ నీలం ఎక్కడిది? జవాబు కొలతల్లో ఉంది.

0.1 మిల్లీమీటరు: రెక్క మీది ఒక్కో పొలుసు పొడవు ఇంచుమించు ఇంతే. పైకప్పు పెంకుల్లా ఇవి ఒకదానిపై ఒకటి పరుచుకుని ఉంటాయి. ప్రతి పొలుసు మీదా నిలువునా సన్నని గట్లు. మార్ఫో రెటెనార్ జాతిలో మిల్లీమీటరు వెడల్పులో వెయ్యికి పైగా గట్లుంటాయి. ఒక్కో గట్టుకు ఇరుపక్కలా కైటిన్ అనే పదార్థంతో ఏర్పడిన అరలు, అరకూ అరకూ మధ్య గాలి.

452 నానోమీటర్లు: అర మందం 65, గాలి సందు 125 నానోమీటర్లు అని ఉజ్జాయింపుగా తీసుకుందాం. కైటిన్ వక్రీభవన గుణకం 1.56. కాబట్టి అర మందాన్ని దానితో గుణిస్తే కైటిన్ వాటా 101, గాలి వాటా 125, మొత్తం 226. కాంతి లోపలికి వెళ్లి తిరిగి రావాలి కనుక దీనికి రెట్టింపు, 452. అది నీలికాంతి తరంగదైర్ఘ్యం. అరలన్నిటి నుంచీ తిరిగొచ్చిన నీలి తరంగాలు ఒకదానికొకటి బలమవుతాయి. దీన్నే వ్యతికరణం అంటారు. మిగతా రంగులను కిందనున్న మెలనిన్ పీల్చేస్తుంది.

75 శాతం: రెటెనార్ రెక్క తనపై పడిన నీలికాంతిలో దాదాపు ఇంత వెనక్కి పంపగలదు. గట్ల ఎత్తులు కాస్త హెచ్చుతగ్గులుగా ఉండటం వల్ల ఆ నీలం చాలా కోణాల నుంచి కనబడుతుంది.

1.36: ఇది ఇథైల్ ఆల్కహాల్ వక్రీభవన గుణకం. రెక్కను అందులో ముంచితే సందుల్లోని గాలి స్థానంలో ఆల్కహాల్ చేరుతుంది. పై లెక్క 543కు మారుతుంది, నీలం కాస్తా ఆకుపచ్చ అవుతుంది. ఆరగానే మళ్లీ నీలమే. రంగు పదార్థానిది కాదు, నిర్మాణానిది అనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

మన దగ్గరా ఇలాంటి మెరుపు చూడొచ్చు. గ్రేట్ ఎగ్‌ఫ్లై అనే సీతాకోకచిలుకలో మగదాని నల్లరెక్కల మీద తెల్లమచ్చల చుట్టూ ఊదా-నీలం ఛాయ కోణాన్ని బట్టి వచ్చి పోతుంటుంది. కనబడితే పక్కకు జరిగి, కోణం మార్చి చూడండి. పిల్లలకూ చూపించండి. రెక్కలు మాత్రం పట్టుకోవద్దు. రాలిన పొలుసులు మళ్లీ మొలవవు.