తప్పు మాట్లాడినా నవ్వని నేస్తం

తిరుమల కొండ మీద దుకాణాల దగ్గర కాసేపు నిలబడి చూడండి. గాజులమ్మే ఆవిడ ఒకరితో తమిళంలో, ఇంకొకరితో కన్నడంలో, ఆ వెనకే వచ్చినవాళ్లతో హిందీలో బేరమాడుతుంది. ఏ వ్యాకరణం చదివింది చెప్పండి? ఎదుటి మనిషి మొహం చూస్తూ, అవసరం కొద్దీ నేర్చుకుంది. కొండ కింద తిరుపతిలో డిగ్రీ అయి, బీఈడీ చదువుతున్న అమ్మాయిలు మాత్రం ఇంగ్లిషులో నాలుగు మాటలనేసరికి గొంతు తడారిపోతుందంటున్నారు.

వాళ్లకిప్పుడో కొత్త నేస్తం దొరికింది. 2022 నవంబరులో వచ్చిన చాట్‌జీపీటీ, ఆ తర్వాత వచ్చిన అలాంటి చాట్‌బాట్లు. ఫోన్లో మనం ఏదన్నా అడిగితే బదులు చెబుతాయి. మరీ కొత్త ముచ్చటేం కాదు లెండి. 1966లోనే అమెరికాలో జోసెఫ్ వైజెన్‌బామ్ అనే ఆచార్యుడు మాటకు మాట బదులిచ్చే ప్రోగ్రాము తయారుచేసి 'ఎలైజా' అని పేరుపెట్టాడు. బెర్నార్డ్ షా నాటకంలో పూలమ్ముకుంటూ దొరల భాష నేర్చిన పిల్ల పేరది!

ఈ కాబోయే టీచరమ్మల్ని కదిపితే మొదట చెప్పేది పిల్లల గురించి కాదు, తమ గురించే. చాలామంది తెలుగు మీడియంలో చదివొచ్చినవాళ్లు. మన ప్రభుత్వ బడుల్లో 2020-21లో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిషుగా పుస్తకాలొచ్చాయి. రేపు ఆ ఎదురు పేజీ చెప్పాల్సింది వీళ్లే. అందుకే రాత్రిపూట ఫోనుతో సాధన. 'ఐ యామ్ హావింగ్ టూ బ్రదర్స్' అంటే, 'ఐ హావ్' చాలని దిద్దుతుందట. పదిసార్లడిగినా విసుక్కోదట. వెనక బెంచీ కిసకిసలు లేవు. ఆడపిల్లకి ఇది చిన్న సంగతేం కాదు.

మరి చిన్నపిల్లలకి ఇంగ్లిషు నేర్పడానికి పనికొస్తుందా అంటే మాత్రం వీళ్లే వెనక్కి తగ్గుతున్నారు. అక్షరాలే రాని పిల్ల టైపేం చేస్తుంది? పోనీ మాట్లాడిందే అనుకోండి. 'ఇస్కూలు' అన్నా యంత్రం సర్దుకుని 'స్కూల్' అనే రాసేసుకుంటుంది. అర్థమైపోయాక ఇక దిద్దేదేముంది? టీచరైతే 'వి' అనడానికి పైపళ్లు కింది పెదవికి ఆనించి చూపిస్తుంది, 'డబ్ల్యూ'తో మొదలయ్యే మాటకి పెదాలు సున్నా చుట్టి చూపిస్తుంది. పిల్ల టీచరు నోరు చూసి నేర్చుకుంటుంది. పైగా అడిగిందే తడవుగా వ్యాసం రాసిచ్చేస్తే, పిల్లకి తప్పు చేసే వీలే ఉండదు. యునెస్కో కూడా 2023లో, తరగతి గదుల్లో ఇలాంటివి వాడాలంటే కనీసం 13 ఏళ్లుండాలని సూచించింది.

నన్నడిగితే పిల్ల చేతికివ్వకుండా, టీచరే దీన్ని పనిలో పెట్టుకోవాలి. ఊరికే కథ చెప్పమంటే మంచు, స్ట్రాబెర్రీలు అంటూ మొదలుపెడుతుంది. 'అలిపిరి మెట్లెక్కే పిల్ల, అమ్మమ్మ, ఒక కోతి. వాక్యానికి ఐదు మాటలు, మొత్తం పది వాక్యాలు' అని కచ్చితంగా చెబితే దారికొస్తుంది. అయితే తప్పుని కూడా ధీమాగానే చెబుతుంది సుమా. అలిపిరి మెట్లు 3,550 అని మనకు తెలుసు కాబట్టి పట్టుకుంటాం. తెలియనిచోట నిఘంటువు తిరగెయ్యక తప్పదు.

మన గృహిణులూ ప్రయత్నించొచ్చు. ఆ అమ్మాయిలు చెప్పిన చిట్కా ఇది. మొదటే దానికి ఇలా చెప్పాలట: 'నేను కొత్తగా నేర్చుకుంటున్నాను. చిన్న చిన్న వాక్యాల్లో మాట్లాడు. ఒకసారికి ఒక్క తప్పే దిద్దు. ఎందుకు తప్పో తెలుగులో చెప్పు.' ఇంటి చిరునామా, బ్యాంకు సంగతులు మాత్రం దాని చెవిన వెయ్యకండి. వంటిల్లు సర్దుకున్నాక పావుగంట చాలు. ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ ఆ వేళకి మన చేతికొస్తుందా అంటారా, అది వేరే కథ!