పేరు తప్పితే ఒప్పుకోని బేసిక్

తొంభైలలో డాస్ కంప్యూటర్ల మీద ప్రోగ్రామింగ్ మొదలుపెట్టినవారికి క్యూబేసిక్ నీలం తెర గుర్తుండే ఉంటుంది. 1964లో అమెరికాలోని డార్ట్‌మత్ కాలేజీలో జాన్ కెమెనీ, థామస్ కర్ట్జ్ రూపొందించిన బేసిక్ భాషకు అదొక వారసురాలు. ఆ నుడికారాన్ని నిలుపుకుంటూ 2004లో వచ్చిన ఉచిత కంపైలరే ఫ్రీబేసిక్. విండోస్, లినక్స్, డాస్ మూడింటిలోనూ పనిచేస్తుంది.

క్యూబేసిక్ ఇంటర్‌ప్రెటర్, ప్రోగ్రాం నడవాలంటే అదీ పక్కన ఉండాల్సిందే. ఫ్రీబేసిక్ అలా కాదు. మీరు రాసినదాన్ని యంత్రభాషలోకి మార్చి, విడిగా నడిచే ఫైలు తయారుచేసి ఇస్తుంది. విండోస్‌లో అది ఈఎక్స్‌ఈ ఫైలు.

వడ్డీ లెక్కతో మొదలుపెడదాం. పది వేల అసలు, నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ, ఆరు నెలలు: మొత్తం వడ్డీ 1,200. దీన్ని ప్రోగ్రాంగా రాయాలంటే ముందు అసలు, రేటు, నెలలు, వడ్డీ అనే నాలుగు వేరియబుల్స్‌ని 'డిమ్' అనే మాటతో ప్రకటించాలి. వాటి పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లోనే ఉండాలి. రూపాయిన్నర వడ్డీ కూడా లెక్కకు రావాలంటే రేటును 'ఇంటిజర్' అనకూడదు, 'డబుల్' అనాలి. ఇంటిజర్‌లో దశాంశం నిలవదు. తర్వాత 'ఇన్‌పుట్'తో విలువలు అడిగి, అసలును రేటుతో, నెలలతో గుణించి వందతో భాగించి, 'ప్రింట్'తో జవాబు చూపిస్తే సరి.

ఇప్పుడు లెక్క రాసే వరుసలో 'అసలు' పేరులో ఒక అక్షరం జారిందనుకోండి. పాత బేసిక్ ఏమీ అనదు. ఆ తప్పు పేరుతో కొత్త వేరియబుల్ పుట్టించి, దానికి సున్నా విలువిస్తుంది. వడ్డీ సున్నా అని తెర మీద కనిపిస్తుంది. నాలుగు వరుసల్లో ఆ తప్పు దొరుకుతుంది. నాలుగు వందల వరుసల్లో వెతకడం నరకం. ఫ్రీబేసిక్ మామూలు పద్ధతిలో అయితే ఈ పేరు ప్రకటించలేదంటూ వరుస సంఖ్యతో సహా చెప్పి ఆగిపోతుంది. తప్పు జవాబిచ్చే ప్రోగ్రాం అసలు తయారే కాదు. కొత్తవారికి చాదస్తంగా తోచే 'డిమ్' వల్ల లాభం ఇదే. పాత క్యూబేసిక్ ప్రోగ్రాములు నడపాలనుకునేవారికి ఈ నియమాన్ని సడలించే ప్రత్యేక పద్ధతీ ఉంది. కొత్తగా నేర్చుకునేవారు మాత్రం దాని జోలికి పోకపోవడమే మంచిది.

ఇక చేయాల్సింది కొంచెమే. ప్రోగ్రాంను నోట్‌ప్యాడ్‌లో రాసి 'డాట్ బాస్' ఫైలుగా దాచి, కమాండ్ విండోలో 'ఎఫ్‌బీసీ' అని, పక్కనే ఫైలు పేరు కొట్టాలి. తయారైన ఫైలును డబుల్ క్లిక్ చేసి విలువలిస్తే, జవాబు చూపిన మరుక్షణమే విండో మాయమవుతుంది. ప్రోగ్రాం చివర 'స్లీప్' అని రాస్తే, మీరు ఏదో ఒక కీ నొక్కేదాకా అది ఆగుతుంది.

ఒకేసారి పది తప్పులు చూపిస్తే బెదిరిపోకండి. మొదటిది సరిచేసి మళ్లీ కంపైల్ చేయండి. మిగతావాటిలో చాలా వరకు దాని వల్ల పుట్టినవే అయి ఉంటాయి.