ఆఫ్రికా మిషన్ యాత్రకు వెళ్ళేవారికి, వెళ్ళి వచ్చినవారికి

ప్రతి వేసవిలో మన సంఘాల నుండి ఎవరో ఒకరు తూర్పు ఆఫ్రికాకు సేవకు బయలుదేరుతూనే ఉంటారు. వెళ్ళేముందు నా దగ్గరకు వచ్చి "సిస్టర్, ఏ మందులు పట్టుకెళ్ళాలి?" అని అడుగుతారు. తిరిగి వచ్చాక మాత్రం ఎవరూ ఏమీ అడగరు. నిజానికి ఎక్కువ భయపడవలసినది అప్పుడే. 2019 మే, జూన్ నెలల్లో మా బృందం ఉగాండాలో మూడు వారాలు ఉంది. అక్కడ రోజులు ఎలా గడిచాయో, ఏ జాగ్రత్త ఎందుకు అవసరమో కలిపి రాస్తున్నాను.

ముందుగా ఎల్లో ఫీవర్ టీకా. నెల ముందే వేయించుకోవడం మంచిది, ఎందుకంటే టీకా వేసిన పది రోజుల తరువాతే ఆ పసుపు రంగు కార్డు చెల్లుతుంది. ఇదివరకు పదేళ్ళకొకసారి వేయించుకోవాలనేవారు. 2016 జూలై నుండి ఒక్కసారి వేయించుకుంటే జీవితాంతం చెల్లుతుంది. ఈ టీకా అన్ని ఆసుపత్రుల్లో దొరకదు. ప్రభుత్వం గుర్తించిన కేంద్రాల్లోనే వేస్తారు. హైదరాబాద్ నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ వాటిలో ఒకటి. గర్భిణులు, గుడ్డు పడనివారు, అరవై దాటినవారు ముందుగా డాక్టరుతో మాట్లాడాలి.

"కార్డు కోసం ఇంత గొడవ ఎందుకు?" అని కొందరు విసుక్కుంటారు. మన దేశంలో ఎల్లో ఫీవర్ లేదు. కానీ దాన్ని మోసే దోమ మన ఇళ్ళ చుట్టూనే ఉంది, డెంగీని తెచ్చే దోమే అది. ఒక్క రోగి వస్తే చాలు, ఇక్కడ అంటుకోవచ్చు. అందుకే కార్డు లేకుండా ఆ దేశాల నుండి దిగినవారిని ఆరు రోజుల వరకు విడిగా ఉంచుతారు.

మేము దుబాయ్ మీదుగా ఎంటెబ్బే చేరాము. విమానాశ్రయం విక్టోరియా సరస్సు ఒడ్డునే ఉంది. అక్కడి నుండి కంపాలా సుమారు 40 కిలోమీటర్లు. భూమధ్యరేఖ దగ్గర కదా, మండిపోతుందేమో అనుకుని అందరూ పలుచని బట్టలే సర్దుకున్నారు. ఇక్కడ మనం ఎండకు మాడిపోయే రోజుల్లో అక్కడ వర్షాలు! కంపాలా సుమారు 1200 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి రాత్రిళ్ళు చల్లగా ఉంటుంది. పొడుగు చేతుల బట్టలు చలికే కాదు, సాయంత్రం దోమలకు కూడా అవసరం.

కంపాలాలో మెంగో ఆసుపత్రిని చూశాము. డాక్టర్ ఆల్బర్ట్ కుక్ 1897లో దీన్ని ప్రారంభించారు. ఆయన బృందంలోనే నర్సుగా వచ్చిన కేథరిన్ టింప్సన్ తరువాత ఆయన భార్య అయ్యారు. మంత్రసానులకు శిక్షణ ఇచ్చే పాఠశాల వారి కృషి వల్లే మొదలైంది. వ్యాసాల్లో డాక్టరు గారి పేరే ముందు వస్తుంది గానీ, మా నర్సుల కళ్ళు మాత్రం ఆమె పేరునే వెతికాయి.

మా పని ముకోనో దగ్గర ఒక గ్రామ ఆరోగ్య కేంద్రంలో. ఉదయం ప్రార్థన, టీ, ఆపైన ఎర్రమట్టి రోడ్డు మీద ప్రయాణం. ఊళ్ళోకి బోడాబోడా అనే మోటారు సైకిలే ఆటో. ఒక్క బండి మీద నలుగురు ఎక్కడం చూశాను. మధ్యాహ్నం మటోకే, అంటే పచ్చి అరటికాయలను అరటాకులో చుట్టి ఆవిరి మీద ఉడికించి మెదిపిన ముద్ద. దానికి వేరుశనగ పులుసు. మొక్కజొన్న పిండితో చేసే పోషో మన సంకటిలాంటిదే. చపాతీ కూడా వీధి వీధినా దొరుకుతుంది. అక్కడి స్త్రీలు పెద్దవారిని మోకాళ్ళ మీద ఉండి పలకరిస్తారు. జ్వరంతో బిడ్డను ఎత్తుకొచ్చిన తల్లి కూడా ముందు మోకరించి "ఓలి ఓట్యా?" అని నన్ను పలకరించిన తరువాతే బిడ్డ సంగతి చెప్పేది.

ఎక్కువ మంది బిడ్డలకు మలేరియాయే. వేలి మీద సూదితో గుచ్చి ఒక చుక్క రక్తం తీస్తే కిట్ మీద పావుగంట, ఇరవై నిమిషాల్లో తెలిసిపోతుంది. ఆర్టిమెథర్, లూమిఫాంట్రిన్ కలిసిన మాత్రలు మూడు రోజుల్లో ఆరు మోతాదులు ఇవ్వాలి. రెండో మోతాదు మొదటిదానికి ఎనిమిది గంటల తరువాత, ఏదైనా తిన్నాకే. ఇక్కడే ఒక చిక్కు ఉంది. లుగాండా భాషలో గంటలను తెల్లవారిన దగ్గర నుండి లెక్కిస్తారు. మన ఉదయం ఏడు వారికి ఒంటిగంట. "ఎనిమిదికి వెయ్యమ్మా" అని మాట మార్చకుండా అనువదిస్తే ఆ తల్లికి మన మధ్యాహ్నం రెండు గంటలని అర్థమవుతుంది. అక్కడి నర్సు ఈ సంగతి చెప్పాక మేము గడియారం మాట ఎత్తలేదు. పొద్దు పొడిచినప్పుడు, పొద్దు గూకినప్పుడు అనే చెప్పించాము.

ఒక శనివారం నైలు నది సరస్సులో నుండి బయలుదేరే జింజాకు వెళ్ళాము. గాంధీ గారి అస్థికల్లో కొంత భాగం 1948లో అక్కడ కలిపారు, ఆయన విగ్రహం కూడా ఉంది. నీళ్ళు చూసి కుర్రవాళ్ళు దిగబోయారు, నేను కేకలేశాను. విక్టోరియా సరస్సు నీళ్ళలోని నత్తల ద్వారా బిల్హార్జియా అనే వ్యాధి వస్తుంది. ఆ పురుగు తాగితేనే రావాలని లేదు, చర్మంలో నుండే లోపలికి పోతుంది.

ఇక అసలు సంగతి. ఆఫ్రికా మలేరియాలో ఎక్కువ భాగం ఫాల్సిపేరం, కొద్ది రోజుల్లోనే మెదడును, మూత్రపిండాలను దెబ్బతీయగల రకం. అక్కడ క్లోరోక్విన్ రక్షణ ఇవ్వదు. మేము డాక్టరు రాసిన డాక్సీసైక్లిన్ రోజుకొకటి వేసుకున్నాము. దాన్ని నిండు గ్లాసు నీళ్ళతో వేసుకోవాలి, వెంటనే పడుకోకూడదు. గర్భిణులకు, చిన్నపిల్లలకు ఇది పనికిరాదు, వారికి వేరే మందులున్నాయి. అన్నిటికన్నా ముఖ్యంగా, ఇంటికి వచ్చాక కూడా నాలుగు వారాలు వేసుకోవాలి. ఎందుకంటే చివరి రాత్రి కుట్టిన దోమ ఎక్కించిన క్రిమి ముందు కాలేయంలో దాగి, తరువాతే రక్తంలోకి వస్తుంది. మందు దాన్ని రక్తంలోనే చంపుతుంది.

మా బృందంలో ఒక సహోదరుడు ఇల్లు చేరిన రోజే మాత్రలు మానేశాడు. పన్నెండో రోజు చలిజ్వరం వచ్చింది. ఊళ్ళో వైరల్ అని రెండు రోజులు ఇంజెక్షన్లు చేశారు. మూడో రోజు మాటలు తడబడుతుంటే పట్టణంలో ఆసుపత్రికి తీసుకెళ్ళారు. అక్కడ కాజువాలిటీలోని స్టాఫ్ నర్సు "ఈ మధ్య ఎక్కడికైనా వెళ్ళారా?" అని అడిగింది. ఆ ప్రశ్న అంతవరకు ఎవరూ అడగలేదు, ఇంట్లోవారూ చెప్పలేదు. స్మియర్‌లో ఫాల్సిపేరం నిండి ఉంది. వెంటనే ఆర్టిసునేట్ ఎక్కించారు. తొమ్మిది రోజులకు ఇంటికి వెళ్ళాడు.

కాబట్టి తిరిగి వచ్చిన మూడు నెలల లోపు ఏ జ్వరం వచ్చినా, మాత్రలు సరిగా వేసుకున్నా సరే, ఇంట్లో పారాసిటమాల్‌తో కూర్చోవద్దు. ఏడాది వరకు కూడా ఈ సంగతి మరచిపోవద్దు. అదే రోజు వెళ్ళి "ఫలానా తేదీన ఆఫ్రికా నుండి వచ్చాను, మలేరియా పరీక్ష చేయండి" అని మీరే ముందుగా చెప్పండి. మొదటి స్మియర్‌లో కనబడకపోయినా జ్వరం ఉంటే మళ్ళీ చేయించాలి. తిరిగి వచ్చిన తేదీని ఒక కాగితం మీద రాసి ఆ పసుపు కార్డులోనే పెట్టండి. ఆ కార్డు ఎక్కడ ఉందో ఇంట్లో ఇంకొకరికి కూడా చెప్పి ఉంచండి.