పిల్లలు అవ్వ దగ్గర, మీరిద్దరూ పోర్ట్ లూయిస్‌లో

ఈ పెళ్ళిరోజుకి ఎక్కడికైనా వెళ్దామా అని మీలో ఒకరు అడిగి ఉంటారు. "మరి పిల్లలు?" అని రెండోవారు అని ఉంటారు. మాట అక్కడితో ఆగిపోయి ఉంటుంది.

ఆ మాటని మళ్ళీ మొదలుపెట్టండి. డర్బన్‌లో ఉండే మనకి మారిషస్ దూరం కాదు. విమానంలో సుమారు నాలుగు గంటలు. మారిషస్ అనగానే బీచ్ హోటలు, పిల్లల ఈత కొలను గుర్తొస్తాయి. ఈసారి పిల్లలు రారు కాబట్టి అవేవీ అక్కర్లేదు. రాజధాని పోర్ట్ లూయిస్‌లోనే ఉండండి. మూడు రాత్రులు చాలు. ఊరు చిన్నది, చాలా చోట్లకి నడిచే వెళ్ళవచ్చు.

ముందు అవ్వని అడగాలి

పిల్లల్ని చూసుకునేది అవ్వ, తాత. అందుకే టిక్కెట్ల కంటే ముందు వాళ్ళని అడగండి. "అవ్వా, మూడు రోజులు పిల్లల్ని చూసుకుంటావా?" అని తెలుగులోనే అడగండి. చాలా ఇళ్ళల్లో ఆమె వెంటనే ఒప్పుకుంటుంది. "పిల్లల్ని వదిలేసి షికారా?" అనే చుట్టం కూడా ఒకరు ఉంటారు. వారికి ఏం చెప్పాలి?

మన పెద్దలతో వచ్చిన మొదటి ఓడ 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. మద్రాసు నుంచి వచ్చిన ఆ ఓడ పేరు ట్రూరో. ఆ తరువాత వచ్చిన ఓడలతో ఎందరో తెలుగువాళ్ళు చెరుకు తోటలకి వచ్చారు. ఒప్పందం మీద పనికి కుదిరినవాళ్ళు పాసు లేకుండా ఎస్టేటు దాటకూడదు. భార్యాభర్తలు తమ ఇష్టంతో మూడు రోజులు ఊరు వెళ్ళి రావడం వాళ్ళకి కుదిరే పని కాదు. మీకు కుదురుతుంది. ఇది పిల్లల్ని వదిలేయడం కాదు. పెద్దలకి దొరకనిది మీకు దొరికింది, దాన్ని వాడుకుంటున్నారు.

మొదటి రోజు: రేవు, బజారు

పొద్దున్నే ఆప్రవాసి ఘాట్‌కి వెళ్ళండి. ఇది పోర్ట్ లూయిస్ రేవు పక్కనే ఉంది. ఒప్పందం కూలీలు ఓడ దిగాక మొదట వచ్చిన చోటు ఇదే. ఈ కట్టడాలు 1849లో మొదలయ్యాయి. 2006లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. 1834 నుంచి 1920 దాకా దాదాపు 5 లక్షల మంది ఒప్పందం కూలీలు మారిషస్ వచ్చారు. రాతి మెట్లు, ఆసుపత్రి గదులు, వంటశాల మిగిలి ఉన్నాయి. తెలుగువాళ్ళని ఇక్కడ పూర్వం "కొరింగాలు" అనేవారు. కాకినాడ దగ్గర ఉన్న కోరంగి రేవు నుంచి వచ్చిన పేరు అది.

మన పెద్దలు దిగింది ఈ మెట్ల దగ్గర కాదు, డర్బన్‌లో. అయినా ఇద్దరూ కాసేపు ఇక్కడ కూర్చోండి. భార్య, భర్త, చేతిలో మూట, తెలియని భాష. ఆ ఇద్దరూ ఒకరితో ఒకరు ఏం మాట్లాడుకుని ఉంటారు? ఏం మాట్లాడుకున్నా, కోరంగి నుంచి వచ్చినవాళ్ళు అది తెలుగులోనే మాట్లాడుకుని ఉంటారు.

మధ్యాహ్నం సెంట్రల్ మార్కెట్ వైపు నడవండి. అక్కడ దాల్ పూరీ తినాలి. మన బొబ్బట్టులాగే లోపల పప్పు ఉంటుంది, కాని తీపి ఉండదు. పైన చిక్కుడు గింజల కూర, టమాటా కూర, పచ్చిమిర్చి పచ్చడి వేస్తారు. దాల్ పూరీని ఒక్కటిగా అడగరు, జతగా అడుగుతారు. ఒక జత అంటే రెండు పూరీలు. మీరూ ఇద్దరే కదా! తరువాత చల్లని అలూడా తాగండి. ఇది పాల పానీయం. ఇందులో సబ్జా గింజలు ఉంటాయి.

రెండో రోజు: బిళ్ళలు, కోట

కోడాన్ వాటర్‌ఫ్రంట్‌లో బ్లూ పెన్నీ మ్యూజియం ఉంది. 1847లో మారిషస్ అచ్చు వేసిన రెండు తపాలా బిళ్ళలు అక్కడ ఉన్నాయి. ఒకటి ఎర్ర నారింజ రంగు, ఒకటి నీలం. వెలుతురుకి రంగు పోతుందని అసలు బిళ్ళల మీద కొద్ది నిమిషాలే దీపం వేస్తారు. మిగతా సమయంలో నకళ్ళు చూడాలి. పిల్లలు ఉంటే అంతసేపు ఆగనివ్వరు. ఈసారి ఆగండి.

సాయంత్రం కొండ మీది అడిలైడ్ కోటకి వెళ్ళండి. ఊరివాళ్ళు దాన్ని సిటడెల్ అంటారు. పై నుంచి రేవు, ఊరు, షాం ద మార్స్ గుర్రప్పందేల మైదానం కనిపిస్తాయి. ఆ మైదానంలో పందేలు 1812లో మొదలయ్యాయి. డర్బన్ జులై పందేలు చూసినవాళ్ళకి ఆ మైదానాన్ని చూస్తే ముచ్చటేస్తుంది.

చీకటి పడితే ఊరి నడిబొడ్డు ఖాళీ అవుతుంది, ఆఫీసులవాళ్ళు ఇళ్ళకి పోతారు. అప్పుడు మళ్ళీ నీటి ఒడ్డుకి, కోడాన్‌కి రండి. మూడో రోజు మెట్రో ఎక్కి కురెపీప్ దాకా వెళ్ళి రావచ్చు.

ఇద్దరి మధ్య తెలుగు

మన ఇళ్ళల్లో తెలుగు ఎలా తగ్గిందో ఒకసారి గుర్తు చేసుకోండి. చాలా ఇళ్ళల్లో పెద్దలు పిల్లలతో ఇంగ్లీషు మాట్లాడారు. పిల్లలకి తెలియకూడని మాట ఉంటే మాత్రం తెలుగులో అనుకున్నారు. డబ్బు సంగతి, జబ్బు సంగతి, పెళ్ళి సంగతి. అలా తెలుగు పెద్దల రహస్య భాష అయింది. రహస్యం దాచుకున్న పెద్దలు పోయాక ఆ ఇళ్ళల్లో భాష కూడా పోయింది.

ఈ మూడు రోజులు మీ దగ్గర దాచడానికి ఎవరూ లేరు. తప్పు పలికితే నవ్వే పిల్లలూ లేరు. కాబట్టి ఒక చిన్న నియమం పెట్టుకోండి. రోజూ మధ్యాహ్నం భోజనం దాకా ఇద్దరి మధ్య తెలుగే. మాట దొరక్కపోతే ఇంగ్లీషు మాట వేసి ముందుకి సాగండి.

చిన్న మాటలతో మొదలుపెట్టండి. "ఆకలేస్తోందా?" "కాసేపు కూర్చుందామా?" "నువ్వు అలసిపోయావు." "ఇక్కడ బాగుంది."

రెండో రోజుకి ఇంకొంచెం పెద్ద మాట అడగండి. "ఈ మధ్య నీకు దేని గురించి దిగులు?" ఇంట్లో మనం ఫీజులు, ట్యూషన్లు, ఎవరు ఎవర్ని ఎక్కడ దింపాలి అన్నదే మాట్లాడుకుంటాం. ఈ ప్రశ్న ఎప్పుడూ వెనక్కి పోతుంది. వచ్చీరాని తెలుగులో జవాబు చెప్పాలంటే నెమ్మదిగా, ఆలోచించి చెప్పాలి. వినేవారు కూడా శ్రద్ధగా వినాలి. చాలా కాలంగా కలిసి ఉన్న ఇద్దరికి అది మంచిదే.

పిల్లలకి రోజుకి ఒక్క ఫోను చాలు. మారిషస్ టైము మనకంటే రెండు గంటలు ముందు. మీకు రాత్రి తొమ్మిదైతే డర్బన్‌లో ఏడు. భోజనం అయిందా అని అడగండి. రెండు నిమిషాల్లో వాళ్ళు ఫోను అవ్వకి ఇచ్చి ఆటకి పోతే బాధపడకండి. వాళ్ళు బాగున్నారని అర్థం.

ఇంటికి ఏం తేవాలి?

బొమ్మలు, వెనీలా టీ ఎలాగూ తెస్తారు. వాటితో పాటు ఆ మూడు రోజుల అలవాటు కూడా తీసుకురండి. ఇప్పుడు భోజనాల బల్ల దగ్గర పిల్లలు వింటూ ఉండగానే "కాసేపు కూర్చుందామా?" అని ఒకరినొకరు అడగండి. "అంటే ఏంటి?" అని పిల్లలు అడుగుతారు. ఈసారి దాచకండి, చెప్పండి.