సూదిమందు వేయించుకొనుటకు ముందు

నిజామాబాదు జిల్లాలో, గోదావరిపై కట్టిన శ్రీరామసాగరము చెంతనే మెండోర మండలమున్నది. పసుపు పంటకును, బీడీల పనికిని పేరుపడిన ప్రాంతమిది. పగలు చేనిలో పనిచేసి, ఇంటికి వచ్చి చేటలో ఆకు, తంబాకు పెట్టుకొని బీడీలు చుట్టు స్త్రీకి గర్భనిరోధపు మాత్రను ప్రతిదినము తప్పక మ్రింగుట కష్టము. మూడు నెలలకు ఒక సూది చాలునన్నచో ఆమెకు అది సులువుగానే తోచును. అయినను ఆమె మనసులో ఒక ప్రశ్న మిగులును: "ఈ సూది ఏస్కుంటే ఏమైతది?" ఈ చిన్న ప్రశ్నకు వైద్యశాస్త్రము ఒక సమాధానమును, న్యాయశాస్త్రము మరియొక సమాధానమును చెప్పుచున్నవి. రెండును తెలిసికొనదగినవే.

మందు పనిచేయు తీరు

భారత ప్రభుత్వము 2017లో "అంతర" అను పేరుతో కుటుంబ నియంత్రణ కార్యక్రమములో ప్రవేశపెట్టిన ఈ మందు పేరు మెడ్రాక్సి ప్రొజెస్టెరోన్ ఎసిటేట్. స్త్రీ దేహములో సహజముగా తయారగు ప్రొజెస్టెరోన్ అను హార్మోనును పోలిన కృత్రిమ పదార్థమిది. కండరములోనికి ఇచ్చు మోతాదు 150 మిల్లీగ్రాములు. మందు సులభముగా కరగని సన్నని పలుకుల రూపములో ఉండును. నోటిలో పెట్టుకొన్న పటికబెల్లము మెల్లమెల్లగా కరగినట్లు, అది కండరములో కరగుచు, మూడు నెలలపాటు కొద్దికొద్దిగా రక్తములో కలియుచుండును. అందువలననే సూది వేసిన చోట రుద్దరాదని చెప్పుదురు. రుద్దినచో మందు త్వరగా కరగిపోవును.

రక్తములో కలిసిన మందు మెదడు అడుగుననున్న పీయూష గ్రంథిపై పనిచేసి, అండము విడుదలకు కావలసిన సంకేతమును అణచివేయును. గర్భాశయ ముఖమునందలి జిగురును చిక్కబరచి వీర్యకణములను అడ్డగించును. సకాలములో సూది వేయించుకొన్నచో గర్భము వచ్చుట చాల అరుదు. నిత్య జీవితములో గడువులు తప్పుట సహజము గనుక, సాధారణ వాడుకలో ఏడాదికి నూరుమందిలో సుమారు నలుగురికి గర్భము వచ్చుచున్నది.

మేలు ఏమి, కీడు ఏమి

మాత్రకును సూదికిని ముఖ్యమైన భేదమొకటి గలదు. మాత్ర పడనిచో మరునాడే మానవచ్చును. సూది ఒకసారి వేసిన పిమ్మట మందును వెనుకకు తీయు ఉపాయము లేదు. దాని ప్రభావము తగ్గువరకు ఓర్చుకొనవలసినదే. కనుక తెలిసికొనవలసినదంతయు సూదికి ముందే తెలిసికొనవలెను.

తరచుగా కనిపించు మార్పు ఋతుక్రమమునకు సంబంధించినది. మొదటి నెలలలో రక్తస్రావము క్రమము తప్పును. ఏడాది గడచునప్పటికి అనేకులలో ముట్టు ఆగిపోవును. చెడు రక్తము లోపల నిలిచిపోవునను భయము సరికాదు. గర్భాశయపు లోపొర పలుచబడుటచే వెలువడవలసిన రక్తమే తయారుకాదు. కాని అధిక రక్తస్రావమైనచో, రక్తహీనత గల స్త్రీ వెంటనే వైద్యుని చూడవలెను. కొందరిలో బరువు పెరుగుట, తలనొప్పి, మనసు దిగులుగా ఉండుట కలుగును. సూది మానిన తరువాత తిరిగి గర్భము వచ్చుటకు చివరి సూది నుండి ఏడు మొదలు పది నెలలు, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు పట్టవచ్చును. ఇది శాశ్వతమైన వంధ్యత్వము కాదు.

ఈ మందు వాడుచున్నంత కాలము ఈస్ట్రోజెన్ తగ్గుటచే ఎముకల సాంద్రత కొంత తగ్గును. 2004లో అమెరికా ఔషధ సంస్థ ఈ విషయమును మందు పత్రముపై హెచ్చరికగా ముద్రింపించినది. సూది మానిన పిమ్మట ఈ నష్టము చాలవరకు పూడును. ఎముకలు ఇంకను గట్టిపడుచున్న పదునెనిమిదేండ్లలోపు వారి విషయములో వైద్యుడు మరింత ఆలోచింపవలెను.

2024లో ఫ్రాన్సు దేశపు పరిశోధకులు మరియొక సంగతి ప్రకటించిరి. ఈ సూదిని ఏడాదికి మించి వాడినవారిలో, శస్త్రచికిత్స అవసరమగు మెనింజియోమా అను మెదడు పొరల కంతి ఐదున్నర రెట్లకు పైగా ఎక్కువగా కనిపించినది. ఇచట విద్యార్థులు గమనింపవలసిన లెక్కయొకటి గలదు. ఒక జబ్బు లక్షమందిలో పదిమందికి వచ్చుననుకొన్నచో, ఐదున్నర రెట్లనగా యాబది ఐదుగురికి. మిగిలిన తొంబదితొమ్మిదివేల తొమ్మిదివందల నలుబది ఐదుగురికి రాదు. "ఎన్ని రెట్లు" అను ప్రశ్నతోపాటు "ఎంతమందిలో" అను ప్రశ్నయు వేసినప్పుడే అపాయము పరిమాణము తెలియును. ఈ కంతి అరుదైనదే. అయినను ఇదివరకే అది ఉన్నవారు సూదిని వాడరాదు.

రొమ్ము క్యాన్సరు ఉన్నవారు, గర్భవతులు ఈ మందు వాడరాదు. కారణము తెలియని రక్తస్రావము, అధిక రక్తపోటు, గుండెజబ్బు, పక్షవాతము, తీవ్రమైన కాలేయ వ్యాధి ఉన్నవారు వైద్యునికి ముందుగా చెప్పవలెను. ప్రసవమై ఆరు వారములు నిండని, పాలిచ్చు తల్లులకు సాధారణముగా ఇవ్వరు. సుఖవ్యాధుల నుండి గాని, ఎయిడ్స్ నుండి గాని ఈ సూది రక్షణ ఇవ్వదు.

పటాన్‌చెరు నేర్పిన పాఠము

తెలియజెప్పకుండ సూది వేయుట ఎంత ప్రమాదమో తెలుగునాటనే ఒకసారి బయటపడినది. 1985లో హైదరాబాదు సమీపమున పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రములో నెట్-ఎన్ అను మరియొక గర్భనిరోధక సూదిని పరీక్షించుటకు స్త్రీలను చేర్చుకొనుచుండిరి. అది రెండు నెలలకొకసారి వేయు మందు. స్త్రీ శక్తి సంఘటన అను మహిళా సంఘమువారు అచటికి వెళ్లి చూడగా, వచ్చిన స్త్రీలకు తాము ఒక ప్రయోగములో పాల్గొనుచున్నట్లే తెలియదు. విషయము వివరించిన పిమ్మట పెక్కుమంది సూది వద్దని వెడలిపోయిరి.

1986లో ఈ సంఘము మరికొన్ని సంఘములతో కలిసి సుప్రీంకోర్టుకు వెళ్లినది. ఈ మందును సామూహిక కార్యక్రమములో వాడబోమని ప్రభుత్వము తెలుపగా 2000లో ఆ వ్యాజ్యము ముగిసినది. ఆ స్త్రీలు మందుల శాస్త్రము చదివినవారు కారు. అయినను విషయము తెలిసిన మరుక్షణము తమ నిర్ణయము తాము చేసికొనగలిగిరి. పటాన్‌చెరు చెప్పు ముఖ్యమైన మాట ఇదియే.

చట్టము ఏమి చెప్పుచున్నది

సంతకము పెట్టించుకొన్నంత మాత్రమున సమ్మతి కాదు. చికిత్స స్వభావము, లాభనష్టములు, ఇతర మార్గములు తెలిపిన తరువాత ఇచ్చినదే నిజమైన సమ్మతియని 2008లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. కొత్త మందుల ప్రయోగములలో వ్రాతపూర్వకమైన సమ్మతి తీసికొనవలెననియు, హాని కలిగినచో ఉచిత వైద్యము, నష్టపరిహారము ఇవ్వవలెననియు 2019 నాటి నిబంధనలు విధించుచున్నవి.

రుసుము తీసికొను ఆసుపత్రిలో అజాగ్రత్త వలన హాని జరిగినచో జిల్లా వినియోగదారుల కమీషనుకు ఫిర్యాదు చేయవచ్చును. వైద్యసేవ ఈ చట్టము క్రిందికి వచ్చునని 1995లో సుప్రీంకోర్టు నిర్ణయించినది. ఫిర్యాదునకు గడువు రెండు సంవత్సరములు. తగిన హెచ్చరిక లేకుండ మందు అమ్మిన తయారీదారుని కూడ 2019 చట్టము బాధ్యునిగా చేయుచున్నది. అందరికి ఉచితముగా సేవచేయు ప్రభుత్వాసుపత్రి ఈ చట్టములోనికి రాదు. అచటి హానికి జిల్లా వైద్యాధికారికి ఫిర్యాదు చేయుట, సివిలు కోర్టునకు గాని హైకోర్టునకు గాని వెళ్లుట అను మార్గములు గలవు. 1987 నాటి చట్టము ప్రకారము స్త్రీలకు, ఆదాయముతో నిమిత్తము లేకుండ, జిల్లా న్యాయసేవాధికార సంస్థ ద్వారా ఉచిత న్యాయసహాయము లభించును.

అయితే దుష్ఫలితము కలిగిన ప్రతిసారియు అది వైద్యుని తప్పు కాదు. తగిన జాగ్రత్త తీసికొనలేదనియో, చెప్పవలసినది చెప్పలేదనియో, అందువలన హాని కలిగినదనియు చూపవలెను. అందులకు ఆధారములు కావలెను. అంతర కార్డు, మందు చీటీ, బిల్లు, సీసాపై నున్న బ్యాచి సంఖ్య భద్రపరచుకొనవలెను. ఆసుపత్రిలోని తమ రికార్డులను రోగులు అడిగి తీసికొనవచ్చును. మందు వలన కలిగిన దుష్ఫలితమును 1800-180-3024 అను ఉచిత ఫోను సంఖ్యకు ఎవరైనను తెలుపవచ్చును. ఒక్కరి కబురు చిన్నదే. అట్టి కబురులు కూడినప్పుడే మందు గుణదోషములు దేశమునకు తెలియును.

మెండోర స్త్రీ అడిగిన ప్రశ్నకు ఆశా కార్యకర్తయో, నర్సో, వైద్యుడో ఓపికతో సమాధానము చెప్పుటకు పది నిమిషములు చాలును. ఆ పది నిమిషములు సూదికి ముందే గడువవలెను. అప్పుడు ఆమె "వేయుము" అన్నను, "వద్దు" అన్నను, ఆ మాట ఆమెదే అగును.